విమానం పుస్తకంలో జానెడు

నేను చదివింది రెండో తరగతి. అది కూడా పూర్తిగా కాదు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటా, మందు డబ్బా మీద అంకె చూస్తా, అంతే. అట్లాంటిదాన్ని విమానం పుస్తకం చదివి చెప్పినానంటే మా ఊర్లో ఎవురూ నమ్మరు. నాకే నమ్మకం లేదు. చదివినానో, ఊహించినానో, మా ఆయన ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి చెప్పినానో, ఏది ఏదో ఇప్పుడు విడదీయలేను. కానీ నేను చెప్పిన మాట పట్టుకుని డెబ్బై దాటిన మనిషి ఆ విమానంలో కూర్చోని పైకి లేయబోయినాడు. అది మాత్రం నిజం. ఆ నాలుగు దినాలూ నాకు అన్నం సయించలేదు.

ఇది రాస్తాండేది నర్సు పాప. కోస్తా పిల్ల. నేను వంట చేసే ఇంటి మేడం కాలికి కట్టు మార్చేదానికి వారానికి రెండు సార్లు వస్తాది. "మెల్లగా చెప్పక్కా, నా చెయ్యేమన్నా విమానమా" అంటాది. సరే, మెల్లగా చెప్తా.

మేముండేది సౌదీలో, ధహ్రాన్ నుంచి రెండు గంటల దారిలో, బాబా ఖర్జూరం తోటలో. ఇంటి పెద్దాయన్ను, అంటే మేడం వాళ్ళాయన్ను, ఈడ పనోళ్ళం బాబా అంటాం. మునుపు ధహ్రాన్‌లో ఇంజనీరు. రిటైరైనాక తోట వెనకాల రేకుల షెడ్డు వేయించి, దాంట్లో ఒక పాత విమానం తెచ్చిపెట్టుకున్నాడు. పాత యుద్ధం నాటిది. ఏ యుద్ధమో నాకు తెలీదు. జర్మనీ వాళ్ళు చేసిందని మా ఆయన చెప్పేవాడు. చూస్తే మిడత మాదిరి ఉంటాది. పొడుగు కాళ్ళు, ఇంత పెద్ద రెక్కలు, కూర్చునే చోట చుట్టూ అద్దాలు. దానికి రోడ్డంత జాగా అక్కర్లేదంట. "మన ఊర్లో వడ్లు తొక్కించే కళ్ళం ఉంటే చాలు మే, లేచిపోతాది" అనేవాడు. నేను నవ్వేదాన్ని. విమానానికి కళ్ళం ఏంది!

మా ఆయన దానికి మెకానిక్కు. చదువు పదో తరగతి దాకా, తెలుగు మీడియం. వాళ్ళ నాయన ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇండ్లల్లో నమాజు చేస్తాం గాని మాట్లాడుకునేది తెలుగే. ఉర్దూ వచ్చీ రానట్ల వస్తాది. పరుపు కొలవాలంటే వాళ్ళు టేపు పట్టరు. జానతోనే. బొటనేలు ఈడ, చిటికెనేలు ఆడ, పురుగు నడిచినట్ల గుడ్డ మీద చెయ్యి నడుస్తాది. ఆయన అది చూసి పెరిగినాడు. కడప దగ్గర లేతు మిషను మీద పని చేసినా, ఈడికొచ్చి బాబా దగ్గర ఇన్నేళ్ళు చేసినా, ఆ చెయ్యి నడవడం మాత్రం మానలేదు. ఇంట్లో కర్టెన్లు కొలిచినా అంతే, షెడ్డులో కమ్మీ కొలిచినా అంతే. "టేపు సాగుతాది, చెయ్యి సాగదు" అనేవాడు. నాకది సరైన మాటేనా కాదా అని ఇప్పటికీ అనుమానమే.

ఆ విమానానికి పుస్తకాలు మూడు. ఒకటి అసలుది, జర్మనీ భాషది. అది బాబాకూ రాదు. రెండోది ఇంగ్లీషులోకి మార్చింది, జిరాక్సుకు జిరాక్సు తీసింది, సగం అక్షరాలు చీమలు తిరిగినట్ల ఉంటాయి. మూడోది ఒట్టి బొమ్మలు. ప్రతి స్క్రూకూ ఒక గీత, గీత కొసన అంకె. ఆ బొమ్మల పుస్తకం ఇంటికి తెచ్చి చాప మీద పరిచి కూర్చునేవాడు. నేను పక్కన బెండకాయలు తరుగుతా "ఏమయ్యా, దీంట్లో కథేమన్నా ఉండాదా?" అంటే, "ఇది చదివే పుస్తకం కాదు మే, చూసే పుస్తకం. ఆ పసుపు చెయ్యి దూరం పెట్టు" అనేవాడు.

చూసినాక తనకు అర్థమైంది ఆ పుస్తకాల కాగితాల వెనక తెలుగులో పెన్సిలుతో రాసుకునేవాడు. ఇంగ్లీషులో రాయాలంటే ఆలస్యం, అరబ్బీ రాదు. ఎవురి కోసం రాసినాడు? తన కోసమే. తను లేకుండా ఆ రాత ఇంకొకరు చదవాల్సి వస్తాదని ఆయనకు మాత్రం ఏం తెలుసు.

పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం నమాజుకు చేతులు కడుక్కుంటా కడుక్కుంటా కూలబడినాడు. ఆస్పత్రికి తీసుకపోయేలోపలే అయిపాయ. ఈడే మట్టి చేసినారు. బాబా తలుపు బయట నిలబడి, "ఊరికి పోతానంటే ఎగ్జిట్ పేపరు రేపే ఇస్తా. ఉంటానంటే ఉండు" అన్నాడు. మొగుడు పోయినోళ్ళు ఇద్దత్తు అని ఆ ఇంట్లోనే కూర్చోవాల గదా. నాలుగు నెలల పది దినాలు. పరాయి మొగోళ్ళ ముందుకు రాకూడదు. వంటింటి వెనకాల మా గది ఉంది, తలుపుకు దళసరి పరదా ఉంది. ఉండిపోయినా.

మూడో నెలలో మేడం పరదా ఎత్తుకుని లోపలికొచ్చింది, చేతిలో కాగితాల కట్ట. మా ఆయన అంటించిన టేపులు, నూనె మరకలు చూస్తానే నాకు తెలిసిపాయ. బాబా కొత్త మెకానిక్కును పెట్టుకున్నాడంట. పాకిస్తానాయన. విమానం లేపడానికి పర్మిట్ వచ్చిందంట, వారం దినాలకే. అన్నీ సరిగా ఉండాయి గాని రెక్క వెనక పలకల లెక్క దొరకలేదంట. ఎగిరేటప్పుడు ఆ పలకల్ని కొంచెం దించాల, దిగేటప్పుడు బాగా దించాల. ఎగిరేటప్పుడు ఎంత అనేది ఇంగ్లీషు పుస్తకంలో ఉండె. ఆ పేజీ పక్క పేజీకి అంటుకుని, విడదీస్తే అంకె ఉండే తావు ఊడిపోయింది. జర్మనీ పుస్తకంలో ఆ పేజీనే లేదు. లోపల మీటకుండే గుర్తులు అరిగిపోయినాయి. బాబా ఏదో దేశంలో ఇట్లాంటి విమానమే ఉండేవాడికి ఉత్తరం పంపినాడు, జవాబు లేదు. ఆ చిరిగిన పేజీ వెనక తెలుగు రాత ఉండాది.

"నువ్వు చదువుతావు గదా. మీ ఆయన చెప్పేవాడు, నా భార్య చదువుకునింది అని" అనింది మేడం.

ఏం చెప్పాల నేను? ఆయన గొప్పకు చెప్పుకున్నాడు. చచ్చిపోయిన మనిషి అబద్ధం చెప్పినాడని నా నోటితో ఎట్ల అనేది? "ఆఁ, చదువుతా" అన్నా.

మర్నాడు పొద్దున పరదాకు అవతల కుర్చీ వేసుకుని పాకిస్తానాయన కూర్చున్నాడు. లారీ గేరు మార్చినట్లుంటాది గొంతు. పక్కన బాబా. ఇవతల నేను, ఒళ్ళో కాగితాలు.

"బాజీ, మొదటి కాగితం చదువు."

బాజీ అంటే అక్కా అని. నా కన్నా పదేళ్ళు పెద్దోడు, నేను అక్కనంట.

చదివినా. ఏం చదివినా? కలిపి రాసిన అక్షరాలు. ఒకటి తెలుస్తాది, రెండు తెలియవు. "బోల్టు" అని తెలిసింది. "మళ్ళ" అని తెలిసింది. మళ్ళ ఏం చేయాల? మళ్ళ బిగించాల అనే గదా ఎవురైనా అంటారు. "మళ్ళ బిగించాల అని రాసినాడు" అన్నా. అవతల కాగితం మీద పెన్ను గీసిన శబ్దం. రాసుకుంటాండాడు! నేను అన్నది పుస్తకంలోకి పోతాంది! అయినా నోరు ఆగలేదు. ఒక చోట ఆయిలు అన్నా, ఒక చోట గుడ్డతో తుడవాల అన్నా. బాబా అవతల నుంచి "మాషా అల్లా" అంటాండాడు.

చిరిగిన పేజీ వచ్చింది. దాని వెనక రాత పెద్దగా ఉంది, ఒకటే లైను. ఇది మాత్రం నిజంగానే చదివినా, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం. "లేసేటప్పుడు ఎనక పలక జానెడు."

జానను ఉర్దూలో బాలిష్తు అంటారు. "ఏక్ బాలిష్త్" అన్నా.

"ఒక బాలిష్తా? ఇంచీలు, సెంటీమీటర్లు ఏం లేవా?"

"లేవు. బాలిష్తే."

పాకిస్తానాయన నవ్వినాడు. "మా నాయన కూడా గోడ ఇట్లనే కట్టేవాడు. సరే, బాలిష్తు నా దగ్గర కూడా ఉండాది."

అయిపాయ. వాళ్ళు షెడ్డుకు పోయినారు. సాయంత్రం మేడం వచ్చి, పలకలు జానెడు దించి కొలిచి మీటకు ఎర్ర రంగుతో గుర్తు పెట్టినారు, శుక్రవారం జుమ్మా నమాజు అయిపోయిన మర్నాడు పొద్దున బాబా పైకి పోతాడు అని చెప్పింది. నాకు సంతోషమే అయింది. మా ఆయన రాత పనికొచ్చింది గదా అని.

మర్నాడు షెడ్డులో పనోళ్ళకు బిర్యానీ చేయమన్నారు. చేసినా. పాకిస్తానాయన పరదా దగ్గరికొచ్చి "బాజీ, పళ్ళెం" అన్నాడు. పరదా కింద నుంచి తోసినా. తీసుకునేదానికి చెయ్యి లోపలికొచ్చింది.

ఆ చెయ్యి చూసినా. చెయ్యి కాదు అది, పార. పెద్ద పళ్ళేన్ని అడుగు నుంచి ఒక్క చేత్తో పట్టుకుని ఎత్తుకుపోయినాడు. బొటనేలు ఈ అంచున, చిటికెనేలు దాదాపు ఆ అంచున.

నేను నా చెయ్యి నేల మీద పరిచి చూసుకున్నా. జాన అంటే ఎవురి జాన? మా ఆయన ఎడమ చెయ్యి విమానం రాకముందే కాలింది, గ్యాసు మంట తగిలి. మానింది గాని చర్మం గుంజుకోని బొటనేలు పూర్తిగా విచ్చుకునేది కాదు. ఆ చేతి జాన, నా చేతి జాన ఒకటే. కర్టెన్లు కొలిచినప్పుడు "చూడు మే, నాదీ ఆడచెయ్యి అయిపాయ" అని నా చెయ్యి పక్కన పెట్టి చూపించినాడు. కుడి చెయ్యి మాత్రం బాగుండె, మామూలు మొగోళ్ళ చెయ్యి.

మరి విమానానికి ఏ చేత్తో కొలిచినాడు?

కుడి చేతిలో పెన్సిలు ఉంటాది గదా. పరుపోళ్ళకు కుడి చేతిలో సూది, ఎడమ చెయ్యి గుడ్డ మీద నడుస్తాది. ఎప్పుడు చూసినా ఆయన కొలిచింది ఎడమ చేత్తోనే. అంటే చిన్న జాన. అట్ల అనుకుని కాసేపు కుదుటపడితిని. మళ్ళ ఇంకో ఆలోచన. ఇంటి కర్టెన్‌కు ఏ చెయ్యైతే ఏం, కానీ ఒకరి విమానానికి, మనిషి కూర్చోని ఎగిరేదానికి, చెడ్డ చెయ్యి వాడతాడా? పెన్సిలు చెవి మీద పెట్టుకుని కుడి చేత్తో కొలిచి ఉండొచ్చు గదా? ఇట్లంటే అట్ల, అట్లంటే ఇట్ల. ఆయన్నే అడగాల. అడిగేదానికి మనిషి లేడు.

ఒకటి మాత్రం ఆయన చెప్పింది గుర్తుంది. ఎగిరేటప్పుడు పలకలు ఎక్కువ దించితే అది తొందరగా లేస్తాది గాని ముందుకు పోలేక, గాలిలో నిలబడిపోయి, పడతాదంట. పార మాదిరి చెయ్యి జాన అంటే ఎక్కువే గదా. బాబా పడిపోతే? నేను ఆఁ చదువుతా అన్నదానికి ఒక మనిషి పడిపోతే?

మేడంతో చెప్పినా. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉప్పు, నూనె, తెచ్చినా, అయిపోయింది, ఇంతే. "చెయ్యి పెద్దది. మా ఆయన చెయ్యి చిన్నది. విమానం మంచిది కాదు" అన్నా. మేడం నా తల నిమిరి, "ఆయన చెయ్యి గుర్తొచ్చిందా తల్లీ, ఏడువు, ఏడిస్తే తేలికవుతాది" అని పోయింది. నేను ఏడవడం లేదు! నేను లెక్క చెప్తాండా!

ఆ మధ్యాహ్నమే నర్సు పాప వచ్చింది. మేడం కాలికి కట్టు కట్టినాక నా గదికి పిలిచి తలుపు వేసి కాగితాలు చేతిలో పెట్టినా. "పాపా, ఇది చదువు. నేను చదివినానని ఎవురికీ చెప్పొద్దు. నేను చదవలేదని కూడా చెప్పొద్దు."

"అదేంటక్కా, ఏదో ఒకటి చెప్పాలిగా" అని నవ్వుకుంటా కూర్చుంది. పేపరు చదివినట్ల గడగడా చదివేసింది. జానెడు జానెడే. ఎవురి జానో లేదు. ఆ ముక్క నేను సరిగానే చదివినా. కానీ మొదటి కాగితంలో "బోల్టు మళ్ళ బిగించాల" కాదంట. "ఈ బోల్టు మళ్ళ చూసుకోవాల, నాకు అనుమానం" అని ఉందంట.

"నువ్వు వాళ్ళకేం చెప్పావ్?"

"బిగించమన్నా."

పాప నవ్వు ఆగిపాయ. "అక్కా, నేను డాక్టరు రాసింది అర్థం కాక ఊహించి మందు ఇస్తే ఏమవుద్దో తెలుసా?"

తెలుసు. తెలియకపోతే గదా పిలిచింది. అయినా ఆ మాటకు సిగ్గుతో తల పైకి లేయలేదు. "ఇప్పుడేం చేయాల పాపా?"

"నీ నోటితోనే చెప్పు. నేను చెబితే నీ పరువు పోద్ది. నువ్వు చెబితే సగమే పోద్ది."

బాబాను పిలిపించినా. పరదాకు అవతల వచ్చి నిలబడినాడు, పాకిస్తానాయన కూడా వచ్చినాడు. పాప నా పక్కనే కూర్చుని నేను ఉర్దూలో తడబడిన చోట ఇంగ్లీషులో అందించింది. చెప్పేసినా అంతా. నాకు చదువు రాదని, సగం ఊహించినానని, బోల్టు సంగతి తప్పని, జాన సంగతి నాకే అనుమానమని.

పాకిస్తానాయన గొంతు ముందు లేచింది. "బాజీ, రెండు దినాలు నాతో పని చేయించి ఇప్పుడు చెప్తావా? మీ ఆయనకు ఏం చిన్నపిల్లోని చెయ్యా? ఆయనతో నేను ఒకసారి చెయ్యి కలిపినా, మొగోని చెయ్యే."

"ఏ చెయ్యి కలిపినావు భాయ్?"

"ఏ చెయ్యి కలుపుతారు? కుడి చెయ్యే!"

"ఎడమ చెయ్యి చూసినావా?"

బాబా మాట్లాడినాడు, మెల్లగా. "ఆ చేతికి నేనే ఆస్పత్రిలో కట్టు కట్టించినా. నేను మర్చిపోయినా." మళ్ళ, "ఎంత ఉండేది అది?"

నల్ల దారం తీసుకున్నా. నా ఎడమ చెయ్యి పరిచి, బొటనేలి కొస నుంచి చిటికెనేలి కొస దాకా పాప పట్టుకుంటే తెంపినా. పరదా కింద నుంచి తోసినా.

షెడ్డులో ఏం జరిగిందో మేడం చెప్తేనే తెలిసింది. దారం పెట్టి చూస్తే ఎర్ర గుర్తుకు నాలుగు వేళ్ళు తక్కువ వచ్చిందంట. పాకిస్తానాయన అది మరీ తక్కువ, కాబట్టి కుడి చేత్తోనే కొలిచినాడు అన్నాడంట. బాబా ఎడమ చెయ్యే అన్నాడంట. ఇద్దరూ గొంతు పెంచుకున్నారంట. ముందు ఆ బోల్టు విప్పి చూసినారు. లోపల అరిగి ఉంది, మార్చినారు. అది నేను బిగించమని చెప్పింది, వాళ్ళు బిగించింది. ఆ మాట వినినాక నేను గోడకానుకుని శానాసేపు కూర్చుండిపోయినా.

బాబా ఆ శనివారం ఎగరలేదు. పర్మిట్ ఇంకా రెండు దినాలే ఉంది. పోతే పోనీ, అంకె తెలిసేదాకా ఎక్కను అన్నాడంట. ఇట్లాంటి విమానమే ఉండే ఆ దేశపాయనకు మళ్ళ రాసినాడు, ఫోను చేసినాడు, ఆయన కొడుకును పట్టుకున్నాడు. పర్మిట్ అయిపోయే ముందు దినం ఆ పేజీ ఫోటో వచ్చింది, చిరగనిది, అంకెతో సహా.

పాకిస్తానాయన పరదా దగ్గరికొచ్చి చెప్పినాడు. "బాజీ, అంకె వచ్చింది. నీ దారం కన్నా ఒక వేలి మందం ఎక్కువ. నా చేతి కన్నా మూడు వేళ్ళు తక్కువ."

"అంటే ఎడమ చెయ్యేనా? కుడిదా?"

"నాకేం తెలుసు. రెండూ కాదు. నీ దారానికి దగ్గరుంది, అంతే." వెళ్ళిపోబోయి ఆగినాడు. "నా గుర్తుతో కూడా లేచేది అది. కొంచెం తూలేదేమో. నేను మనిషిని చంపేవాణ్ణి కాదు బాజీ."

"నేను అట్ల అనలేదు భాయ్."

"అనలేదు. అయినా."

నాకు ఇంకా అయోమయమే. ఒక వేలి మందం ఎందుకు తేడా వచ్చింది? ఆయన చెయ్యి నా చెయ్యంతే అని నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నానా? ఎడమ చెయ్యే, కాకపోతే ఆ దినం కొంచెం గట్టిగా చాపినాడా? చాపితే ఆ చెయ్యి నొప్పి గదా. నొప్పి పెట్టినా చాపినాడా? దీనికి ఏ పుస్తకంలోనూ బొమ్మ లేదు.

మర్నాడు పొద్దున్నే ఇంజను శబ్దం. ముందు దగ్గు మాదిరి, తర్వాత ఒకటే రొద. నా గదికి ఒక కిటికీ ఉండాది, అది గోడ వైపు. ఏం కనపడదు. నమాజు చాప మీద కూర్చున్నా, దువా చదవాలని, నోటికి ఏ సూరా రాలేదు. అద్దాలు గలగలమన్నాయి. రొద నా తల మీదుగా పోయింది, సన్నబడింది, లేకుండా పాయ. లేకుండా పోతే పడినట్లా, దూరం పోయినట్లా? ఎట్ల తెలియాల? చాప అంచు పట్టుకుని కూర్చున్నా. మళ్ళ వినపడింది. తిరిగి వచ్చింది. దిగింది. షెడ్డు దగ్గర అందరూ ఒక్కసారి అరిచినారు, అది సంతోషం అరుపే, అది నాకు తెలుస్తాది.

కాసేపటికి బాబా వచ్చినాడు. పరదాకు అవతల నిలబడి, ఊపిరి ఇంకా అందలేదు, పెట్రోలు వాసన. "లేచింది. కళ్ళమంత నేల కూడా పట్టలేదు" అన్నాడు. కళ్ళం అనే మాట నా మొగుడే నేర్పించి ఉండాల, అరబ్బీ మధ్యలో తెలుగు ముక్క. తర్వాత పరదా కింద నుంచి ఇంకో కాగితం తోసినాడు. తోక బొమ్మ ఉండాది దాని మీద, వెనక మా ఆయన రాత, రెండు లైన్లు.

"దిగేటప్పుడు తోక అదిరింది. ఇది ఏమంటాది?"

తిప్పి చూసినా. మొదటి అక్షరం తెలిసింది. రెండోది తెలిసినట్లే ఉంది. మూడోది దానికి కలిపేస్తే ఒక మాట అవుతాది, చెప్పేయొచ్చు.

"నాకు తెలీదు బాబా" అన్నా. "నర్సు పాప మంగళవారం వస్తాది."

"సరే. మంగళవారం దాకా ముట్టుకోం" అన్నాడు.